పేజర్ మోగితే లేచే ఊళ్ళు

నేను బెంగళూరు వచ్చి తొమ్మిదేళ్ళు. ఉండేది మారతహళ్ళిలో, పని మాత్రం అమెరికా టైముకి. అక్కడ ఎవరైనా 911కి ఫోన్ చేస్తే, ఏ ఫైర్ స్టేషన్‌ని పిలవాలో చూపించి వాళ్ళ పేజర్లు మోగించే సాఫ్ట్‌వేర్‌కి మా టీమ్ సపోర్ట్ ఇస్తుంది. మా అమ్మ ఊళ్ళో అందరికీ "ఎక్కడో మంట లేస్తే మావాడు గంట కొడతాడంట" అని చెబుతుంది. అంతకన్నా బాగా నేనూ చెప్పలేను.

ఫైర్ స్టేషన్ అంటే మన 101 లాగా గవర్నమెంటు ఉద్యోగులు, జీతాలు అనుకుని చేరాను. తీరా చూస్తే మా స్క్రీన్ మీద ఉండే పల్లె స్టేషన్లలో మనుషులే ఉండరు. ఒక షెడ్డు, రెండు బళ్ళు, గోడకి వేలాడే కోట్లు, అంతే. పేజర్ మోగగానే రైతు ట్రాక్టర్ దిగి, మెకానిక్ స్పానర్ పక్కన పెట్టి, సొంత కారులో షెడ్డుకి పరిగెత్తి ఇంజన్ తీస్తారు, అదీ జీతం లేకుండా. డబ్బులు చాలకపోతే ఆదివారం పొద్దున ఊరందరికీ పాన్‌కేకులు వేసి అమ్ముకుంటారు. ఆ దేశంలో మంటలార్పేవాళ్ళలో మూడింట రెండొంతుల మంది ఇలాంటి వాలంటీర్లేనని తెలిసిన రోజు నాకు నిద్ర పట్టలేదు.

ఈ పద్ధతి వాళ్ళ దేశం కన్నా పాతది. 1736లో ఫిలడెల్ఫియాలో బెంజమిన్ ఫ్రాంక్లిన్, స్నేహితులు కలిసి యూనియన్ ఫైర్ కంపెనీ పెట్టుకున్నారు. ఎవరి తోలు బకెట్లు, సామాను మోసే సంచులు వాళ్ళే తెచ్చుకోవాలి. నెలనెలా మీటింగుకి రాకపోతే జరిమానా, ఆ జరిమానాల డబ్బుతోనే పంపులు, నిచ్చెనలు, కొక్కేలు కొన్నారు. 1853లో సిన్సినాటి నగరం ఆవిరి ఇంజన్లు తెచ్చి జీతగాళ్ళని పెట్టుకుంది, మిగతా నగరాలూ అదే దారి పట్టాయి. పల్లెలకి జీతాలిచ్చే స్తోమత ఎక్కడిది? అందుకే అక్కడ బకెట్ల కాలం నాటి కట్టుబాటే ఇప్పటికీ నడుస్తోంది, బకెట్ పోయి పేజర్ వచ్చింది.

కొక్కేల సంగతి చదివినప్పుడు మాత్రం మా ఊరే కళ్ళ ముందు కనిపించింది. పొడవాటి కర్రకి ఇనప కొక్కెం తగిలించి, పక్క ఇంటికి మంట అంటుకోకుండా కప్పు లాగెయ్యడానికట అది. మా ప్రకాశం జిల్లా పల్లెలో నేను ఐదో తరగతిలో ఉండగా తాటాకు ఇల్లు అంటుకుంటే మా పెదనాన్న వాళ్ళు చేసింది అదే. కొడవళ్ళతో గొడ్ల పలుపులు కోసేశారు, బావి నుంచి ఇంటిదాకా జనం వరసగా నిలబడి బిందెలు అందించుకున్నారు, ఆడవాళ్ళు ఖాళీ బిందెలు వెనక్కి పంపారు. ఫైరింజన్ వచ్చేసరికి బూడిద మీద నీళ్ళు చల్లుతున్నారు. మా ఊళ్ళో దానికి కంపెనీ, పేరు, రిజిస్టరు ఏమీ లేవు, కేక వినపడినవాళ్ళంతా మెంబర్లే.

మాకు రాత్రి అంటే వాళ్ళకి పట్టపగలు. ఆ టైములో పల్లె స్టేషన్లలో పలికేవాళ్ళు తక్కువ, ఎందుకంటే వయసులో ఉన్నవాళ్ళంతా దూరంగా టౌనులో ఉద్యోగాలకి పోయి ఉంటారు. మొన్న జూన్‌లో ఒక రాత్రి గడ్డి కొట్టం అంటుకున్నట్టు స్క్రీన్ మీద పడింది. తడి ఆరకముందే నిల్వ చేస్తే గడ్డి లోపల్లోపలే కాగి దానంతటదే మండుతుంది, మా తాత వామిలో చెయ్యి దూర్చి చూసేది ఆ వేడికే, అక్కడి రైతులు పొడవాటి థర్మామీటర్ గుచ్చుతారు. పక్క సీట్లో ఉండే కడప తమ్ముడు "అన్నా, రెండోసారి పేజర్లు మోగించినా ఎవరూ పలకలేదు" అన్నాడు. సాఫ్ట్‌వేర్‌లో తప్పేమోనని టెన్షన్‌తో లాగ్‌లన్నీ చూశాను. తప్పేమీ లేదు, ఊళ్ళో మనుషులే లేరు. చివరికి పక్క ఊరి ఇంజన్ కదిలింది. 1984లో ఆ దేశంలో దాదాపు 9 లక్షల మంది వాలంటీర్లు ఉంటే, 2020 నాటికి 6 లక్షల 77 వేలకి తగ్గారు.

అంతకు రెండు నెలల ముందే మా చొప్పవామి కాలిపోయింది. "ఎవరున్నారు నాయనా ఊళ్ళో, మీ నాన్నా, ఇంకో నలుగురు ముసలోళ్ళూ" అంది అమ్మ ఫోన్లో. ఆయన అరవై మూడేళ్ళ వయసులో బిందెలు మోశాడు, ఆ రాత్రి నేను ఎవరివో పేజర్లు మోగిస్తూ ఇక్కడ కూర్చున్నాను. ఆ మాట రాస్తుంటే ఇప్పటికీ గొంతు పట్టేస్తోంది.

తర్వాత మా ఊరి నుంచి బెంగళూరు, చెన్నై వచ్చినవాళ్ళం ఇరవై మందిమి తలా కొంత వేసుకుని ట్రాక్టర్ ట్యాంకరుకి పంపు, వంద మీటర్ల పైపు కొన్నాం. ఊళ్ళోనే ఉండేవాళ్ళలో ఎవరు పట్టుకుంటారో పేర్లు రాసి పంపమన్నాను. ఆరు పేర్లు వచ్చాయి, అందులో ఇద్దరు పాలకేంద్రంలో చేసే ఆడవాళ్ళు. మొదటి పేరు మా నాన్నది. తీసెయ్యి నాన్నా అన్నాను. తియ్యనన్నాడు.