ల్యూక్ట్రా బల్ల మీద: యాభై వరుసల లోతుకి రూల్ వెతుక్కుంటూ

చెరో 12 బేస్‌లు (బొమ్మ సైనికుల్ని అతికించే పలకలు), రెండడుగుల చదరపు బల్ల, రెండు పాచికలు. పాతకాలపు యుద్ధాల్ని బొమ్మలతో బల్ల మీద ఆడే డీబీఏ రూల్స్‌తో మొదలెట్టడానికి ఇంతే కావాలి. 15 ఎంఎం బొమ్మలకి బేస్ వెడల్పు 40 మిల్లీమీటర్లు. హాప్లైట్ల (డాలూ ఈటె పట్టిన గ్రీకు కాల్బలం) బేస్ లోతు 15, గుర్రాలది 30. హాప్లైట్లు బేస్‌కి నలుగురు, గుర్రాలు మూడు.

రంగుల పని సగంలో ఉంది. నాలుగు స్పార్టన్ బేస్‌లకి 16 డాళ్లు, ఒక్కో డాలు మీద లామ్డా (Λ) అనే గ్రీకు అక్షరం గుర్తు. వాటిలో ఆరు నిచ్చెన జారిపడ్డట్టు వచ్చాయి. అందుకని ఈ ఆటలన్నీ అట్టముక్కలతోనే ఆడాను. బేస్ కొలతకి అట్ట కత్తిరించి, పెన్సిల్‌తో పేరు రాసుకుంటే చాలు. రూల్స్ తేలకముందే బొమ్మలు అతికిస్తే తరవాత పీకాలి. ఒకసారి పీకాను, ముగ్గురికి చీలమండల దగ్గర విరిగింది.

ఎంచుకున్న యుద్ధం గ్రీసులో థీబ్స్, స్పార్టాల మధ్య క్రీ.పూ. 371లో జరిగిన ల్యూక్ట్రా. థీబ్స్ సేనాని ఎపమినోండస్ తన ఎడమ కొసని యాభై వరుసలకి తగ్గకుండా పేర్చాడనీ, ఎదుట స్పార్టన్లు పన్నెండు వరుసలే నిలబడ్డారనీ ఆ కాలపు గ్రీకు చరిత్రకారుడు జెనొఫోన్ రాశాడు. స్పార్టా రాజు క్లియోంబ్రొటస్ పోయాడు. అతనితో వచ్చిన 700 మంది స్పార్టియేట్లలో (స్పార్టా పూర్తి హక్కుల పౌరులు) 400 మంది అక్కడే పడ్డారు. బల్ల మీద కూడా ఇదే జరగాలి. ప్రతిసారీ అక్కర్లేదు, ఎక్కువసార్లు జరిగితే చాలు.

ఒక బేస్ లోతు పన్నెండు వరుసలనుకుంటే లెక్క తేలిగ్గా కుదిరింది. థీబ్స్‌కి ఒకదాని వెనక ఒకటి నాలుగు బేస్‌లు, స్పార్టాకి ఒకటే. చిక్కు తరవాత మొదలైంది. డీబీఏలో ఇద్దరూ పాచిక వేసి, తమ బలం అంకె కలుపుతారు. తక్కువ వచ్చినవాడు వెనక్కి జరగాలి. ఎదుటివాడి మొత్తంలో సగమో అంతకన్నా తక్కువో వస్తే బేస్ పోయినట్టే. హాప్లైట్ల అంకె 4. నా దగ్గరున్న పాత ఎడిషన్‌లో వెనక ఇంకో ఈటెల బేస్ ఉంటే ఒకటి కలుస్తుంది. మూడోదీ నాలుగోదీ ఉన్నా లేనట్టే. ఎపమినోండస్ పడ్డ శ్రమంతా బూడిదలో పోసిన పన్నీరు.

మొదటి ఆట రూల్స్ మార్చకుండా ఆడాను. చెప్పుకోవడానికేం లేదు, చీకటి పడేదాకా తోసుకున్నారు.

రెండో ఆటకి వెనకున్న ప్రతి బేస్‌కీ ఒకటి కలిపాను. థీబ్స్ 7. స్పార్టన్లకి శిక్షణ కింద ఒకటి కలిపితే 5. అన్నీ కలిపి 36 రకాలుగా పాచికలు పడితే 26 సార్లు థీబ్స్‌దే గెలుపు. మరి చంపడం? థీబ్స్ మొత్తం 13కి స్పార్టా మొత్తం 6 రావాలి, లేదా 12కి 6. ముప్పై ఆరులో రెండంటే రెండు. మిగతా 24 సార్లూ తోయడమే. గెలిచిన దళం వెంటపడాలని ఇంకో రూల్ కూడా పెట్టాను, అదే కొంప ముంచింది. మూడు టర్న్‌లలో థీబన్ దళం స్పార్టన్ వరుసలోకి 45 మిల్లీమీటర్లు దిగబడింది. అటూ ఇటూ ఉన్న స్పార్టన్ బేస్‌లు తిరిగి పక్కల మీద పడ్డాయి. పక్కన శత్రువు ఆనుకుని ఉండగా ఓడితే వెనక్కి జరగడం ఉండదు, నేరుగా చావే. స్పార్టా తరఫున ఆడుతున్న మా బావమరిది నాలుగు బేస్‌లూ తీసి నా ముందు పేర్చి, "బావా, యాభై వరుసలు కట్టినవాడే పోయాడేంటి!" అన్నాడు.

అక్కడ బుర్ర వెలిగింది. వెనక నలభై తొమ్మిది వరుసలవాళ్లు ఏం చేశారన్నది చరిత్రకారులకే తేలలేదు. ముందువాళ్లని తోశారని కొందరు, పారిపోకుండా నిలబెట్టారని కొందరు. ఆ వాదంలోకి దిగకుండా నాకు అర్థమైంది ఇదీ: లోతు వల్ల దెబ్బ పెరగదు, ఓపిక పెరుగుతుంది. కాబట్టి లోతు కొద్దీ పాచికకి కలపడం మానేశాను. ఇద్దరి బలం అంకే 5. ఓడినవాడు వెనక్కి జరగడు, ఒక అలసట గుర్తు తీసుకుంటాడు. మూడు గుర్తులకి బేస్ పోతుంది. లోతుగా నిలబడ్డవాడు ముందు వెనక బేస్‌లని ఒక్కొక్కటే పక్కన పెడతాడు, అవి అయ్యాకే గుర్తులు మొదలు. అలా పక్కన పెట్టినవాళ్లు చచ్చినట్టు కాదు, ముందు వరుసల్లో కలిసిపోయినట్టు.

అంటే స్పార్టా మూడు దెబ్బలకి పోతుంది, థీబ్స్ ఆరు తట్టుకుంటుంది. సమానం వచ్చిన పాచికలు వదిలేసి లెక్క కడితే థీబ్స్ గెలిచే అవకాశం 256లో 219, వందకి దాదాపు 85. ఎవరూ కదలరు గనక వరుసలో కంత పడదు, పక్కపోటు గొడవా లేదు. అలసట గుర్తులకి ముందు పూసలు వాడాను, బల్ల కాస్త కదిలితే దొర్లిపోయాయి. ఇప్పుడు చొక్కా గుండీలు. పల్చగా ఉంటాయి, బేస్ వెనక ఆగుతాయి.

గుర్రాలకి చిన్న రూల్. స్పార్టన్ గుర్రాలు ఓడి, వెనక్కొచ్చి సొంత హాప్లైట్ల మీదే పడ్డాయని జెనొఫోన్ చెప్తాడు. అందుకే వాటిని వరుసకి ముందు నిలబెట్టాను. ఓడిన గుర్రం బేస్ వెనకున్న హాప్లైట్లకి ఒక గుర్తు అంటించి పోతుంది. రాజు బేస్‌కే ఆ గుర్తు తగిలితే ఆట సగం అయిపోయినట్టే. థీబ్స్ తరఫున పెలోపిడస్ నడిపిన 300 మంది మేటి సైనికుల పవిత్ర దళం ఒక బేస్. ఆటలో ఒక్కసారి పాచికతో పని లేకుండా కదలొచ్చు.

ఈ రూల్స్‌తో ఐదు ఆటలు, నాలుగు థీబ్స్‌వి. ఐదోదాంట్లో మా బావమరిది వరసగా మూడు ఆరులు వేశాడు, ఆ మూడు దెబ్బలకే నా వెనక బేస్‌లన్నీ బల్ల దిగాయి. ఆ ఆట గురించి రూల్ ఏం మార్చలేదు.

తేలనిది స్పార్టా మిత్రుల సంగతి. అసలు యుద్ధంలో వాళ్లు పెద్దగా కలబడలేదు. నా బల్ల మీద మాత్రం ఐదు బేస్‌లూ ఊపుగా నడిచొచ్చి, వెనక్కి ఉంచిన థీబన్ కుడి కొసని నలిపేస్తున్నాయి. పాచిక మీద 1 గానీ 2 గానీ పడితే మిత్రులు కదలకూడదని పెట్టి చూశాను, చాలడం లేదు. రాబోయే ఆటలో 3కి కూడా ఆపేసి చూస్తాను. బావమరిది ఒప్పుకోవాలి మరి.