డిస్కు లోపలి వైపు

బరంపురంలో కారు తుప్పు పడితే గోపాల్‌పూర్ సముద్రపు గాలిని తిట్టుకుంటారు. ఇంగ్లాండులో ఉప్పు చల్లే లారీని తిట్టుకుంటారు. చలికాలంలో రోడ్డు మీద మంచు గడ్డకట్టకుండా అక్కడ రాత్రిపూట రాతి ఉప్పు చల్లుతారు. చెషైర్‌లోని విన్స్‌ఫర్డ్‌లో దానికి పెద్ద గనే ఉంది. మా గంజాం జిల్లాలో హుమ్మా ఉప్పుమడులు చూస్తూ పెరిగినవాణ్ని కాబట్టి ఉప్పును భూమిలోంచి తవ్వి తీసి, మళ్లీ నేలపాలు చేయడం మొదట్లో నాకు మింగుడుపడలేదు. బ్రేకు డిస్కుకు మాత్రం సముద్రపు ఉప్పయినా గని ఉప్పయినా ఒకటే. చక్రంతో పాటు తిరిగే ఆ పళ్లెం పోత ఇనుము. బ్రేకు వేస్తే దాన్ని రెండు పక్కలా నొక్కే ప్యాడ్ ఒరుసుకునే చోట రంగు గాని పూత గాని ఉండటానికి వీల్లేదు. రాత్రి వాన పడితే తెల్లారేసరికి ఎర్రబడుతుంది. నాలుగుసార్లు బ్రేకు వేస్తే ఆ ఎరుపు పోతుంది. దాన్ని చూసి ఎవరూ కంగారు పడక్కరలేదు. కంగారు పడవలసిన తుప్పు వేరే ఉంది, అది పైకి కనబడదు.

నేను ఉత్తర ఇంగ్లాండులో ఒక చిన్న ఊరి గ్యారేజీలో మెకానిక్‌ని. కొత్త కారు కొన్న మూడేళ్లకు మొదటిసారి, ఆ తరువాత ఏటా, అక్కడ ఎంఓటీ అనే భద్రతా పరీక్షకు తీసుకురావాలి. కారుకు గరిష్ఠ రుసుము 54.85 పౌండ్లు. పరీక్ష చేసే టెస్టరు వేరు, నేను వేరు. ఆయన రాసిన కాగితం పట్టుకుని చక్రాలు విప్పేవాణ్ని నేను. ఆయన చక్రం విప్పకూడదు, ఏ భాగాన్నీ ఊడదీయకూడదు. టార్చిలైటు వేసి చక్రం కమ్ముల సందుల్లోంచి, కారు పైకెత్తాక కింద నుంచి, ఎంత కనిపిస్తే అంతే చూడాలి. తరువాత చక్రాలను రోలర్ల మీద ఉంచి బ్రేకు పట్టు కొలుస్తారు. 2010 సెప్టెంబరు తరువాత రోడ్డెక్కిన కారయితే కాలి బ్రేకు పట్టు కారు బరువులో 58 శాతానికి తగ్గకూడదు. ప్యాడ్ మందం 1.5 మిల్లీమీటర్ల కంటే తక్కువుంటే కారు తప్పినట్టే. డిస్కు విషయంలో అంత కచ్చితమైన అంకె లేదు. తయారీదారు చెప్పిన కనీస మందం కంటే తగ్గిందన్న ఒక్క కారణంతో కారు తప్పినట్టు రాయరు. బాగా అరిగిందని కంటికి స్పష్టంగా తెలియాలి. పగిలేలా ఉంటే మాత్రం ప్రమాదకరమని రాసి, బండి తీయవద్దంటారు.

నెగ్గడానికీ తప్పడానికీ మధ్య ఇంకొకటి ఉంది, నాకు అసలు నచ్చింది అదే. కారు నెగ్గినా టెస్టరు కాగితం కింద ఒక వాక్యం చేర్చవచ్చు. ముందరి డిస్కు అరిగింది, గుంటలు పడింది, గీతలు పడింది, కాని మరీ బలహీనపడలేదు, అని. ఆ వాక్యం ప్రభుత్వ వెబ్‌సైటులో చేరిపోతుంది. కారు నంబరు కొడితే 2005 నుంచి జరిగిన పరీక్షలన్నీ ఎవరైనా పైసా ఖర్చు లేకుండా చూసుకోవచ్చు. సెకండ్‌హ్యాండు కారు కొనేవాడు బేరానికి ముందు అదే చదువుతాడు. మూడేళ్లు వరసగా డిస్కు గురించి ఒకే మాట కనబడితే, ఆ యజమాని ఎలాంటివాడో వేరే ఎవరూ చెప్పనక్కరలేదు.

మా గ్యారేజీకి తెలుగువాళ్లూ వస్తారు, ఎక్కువమంది కంప్యూటర్ ఉద్యోగులు. నా మాట విని ముచ్చటపడి మనది ఏ ఊరు అని అడుగుతారు. బరంపురం అంటే, ‘‘ఒరిస్సా కదా, తెలుగు ఇంత బాగా ఎలా వచ్చింది?’’ అంటారు. 1936 దాకా మా గంజాం మద్రాసు రాష్ట్రంలోనే ఉండేదనీ, మా తాత ఇల్లు మారలేదు, రాష్ట్రమే మారిందనీ చెబుతాను. వాళ్లు తల ఊపి, ‘‘ఇంతకీ డిస్కులకు ఎంతవుతుంది?’’ అంటారు.

మొన్న సెలవుకు బరంపురం వచ్చినప్పుడు టాటా బెంజ్ కూడలి దగ్గర మా మావయ్య షెడ్డులో కూర్చున్నాను. పని నేర్చుకున్నది అక్కడే, కాబట్టి ఊరికే కూర్చోనివ్వరు. రిటైరైన మాస్టారు ఒకాయన గోపాల్‌పూర్ నుంచి కారు తెచ్చారు. మనవలను తీసుకుని తప్తపాణి ఘాటీ (కొండదారి) మీదుగా చంద్రగిరి వెళ్లి టిబెటన్ల మఠం చూపించాలని ఆయన ఆశ. ‘‘బ్రేకు వేస్తే గరగర మంటోంది, కాస్త నూనె వేయండి’’ అన్నారు. బ్రేకుకు నూనె వేయమనేవాళ్లు రెండు దేశాల్లోనూ ఉన్నారు.

చక్రం విప్పితే డిస్కు బయటి ముఖం అద్దంలా మెరుస్తోంది. వెనక నుంచి ఫోను లైటు వేసి చూశాను. లోపలి ముఖం మధ్యలో వేలు వెడల్పున ఒక్క పట్టీ మాత్రమే మెరుస్తోంది. దానికి పైనా కిందా తుప్పు పెచ్చులు కట్టి, గోటితో గీరితే రాలుతోంది. లోపలి ప్యాడ్ తన చట్రంలో బిగుసుకుపోయి ముందుకూ వెనక్కూ కదలడం మానేసింది. వారానికోసారి బరంపురం వచ్చి, మిగతా రోజులు సముద్రపు గాలికి వాకిట్లో నిలబడే కారుకు జరిగేది ఇదే. డిస్కు వెనక రేకు ఉంటుంది, చెమ్మా ఉప్పూ దాని చాటున ఆరకుండా ఉండిపోతాయి.

మందం కొలవాలి. అంచున తుప్పు గట్టు కట్టింది. మందం కొలిచే వెర్నియర్ పెడితే దాని దవడలు ఆ గట్టు మీదే ఆగి మందం ఎక్కువ చూపిస్తాయి. మావయ్య మాట్లాడకుండా జేబులోంచి రెండు రూపాయి బిళ్లలు తీసి డిస్కుకు అటొకటి ఇటొకటి గట్టు లోపలగా ఆనించి కొలిచి, బిళ్లల మందం తీసేశాడు. ఇంగ్లాండులో దీనికి ప్రత్యేకమైన కొలత పరికరం ఉంది. రెండూ చెప్పే అంకె ఒకటే. డిస్కు మీద కనీసం 20 మిల్లీమీటర్లని ముద్ర ఉంది, మాకు వచ్చింది దానికి పిసరంత ఎక్కువ.

‘‘లేతుకు పంపిద్దాం, రెండు పక్కలా చదును చేసి ఇస్తాడు’’ అన్నాడు మావయ్య. ఆ పని నాకు ఇష్టమే. ఇంగ్లాండులో మనిషి గంట కూలి ముందు డిస్కు ఖరీదు చిన్నది కాబట్టి బాగున్నవి కూడా ఇనుప తుక్కులో పారేస్తారు. ఇక్కడి లేతు పనివాడు వాటిని చూస్తే ఏడుస్తాడు. కాని ఈ గుంటలు పోయేదాకా చెక్కితే 20 కిందికి దిగిపోతుంది. పలచబడ్డ డిస్కు ఘాటీ దిగేటప్పుడు బ్రేకు వేడిని తట్టుకోలేదు.

‘‘ఇది వద్దు మావయ్యా. బిల్లు మీద ఉన్నదున్నట్టు రాసి ఇవ్వు. లోపలి ముఖం పాడైంది, మందం ఇంత, ఘాటీకి తీసుకెళ్లవద్దు అని.’’

‘‘నీకేం రా, రాసి విమానం ఎక్కేస్తావు. నోటితో చెబితే వింటారు. రాసి ఇస్తే భయపెట్టి డబ్బు గుంజుతున్నానని పక్క షెడ్డుకు పోతారు.’’

ఆయన మాటలో అబద్ధం లేదు. బ్రిటన్‌లోనూ పరీక్షా మరమ్మతూ ఒకే చోట అంటే జనానికి అనుమానమే. అందుకే మరమ్మతులు చేయని మునిసిపాలిటీ పరీక్షా కేంద్రాలను వెతుక్కుని పోయేవాళ్లున్నారు. మనకు ఆ తగవు కూడా లేదు. సొంత కారుకు 15 ఏళ్లు నిండేదాకా దాని బ్రేకు చూడవలసిన అధికారే లేడు, పొగ పరీక్ష ఒక్కటి చాలు. టాక్సీలకూ లారీలకూ ఎనిమిదేళ్లదాకా రెండేళ్లకోసారి, ఆ పైన ఏటా ఫిట్‌నెస్ పరీక్ష ఉంది. రోలర్లతో బ్రేకు కొలిచే యంత్ర కేంద్రాలకు కేంద్రం 2021లో నిబంధనలు తెచ్చింది. మాస్టారి కారు మాత్రం వీటిలో దేనికిందికీ రాదు. దాని చరిత్ర అంతా మావయ్య జ్ఞాపకంలోనే ఉంది, ఆయనకా అరవై దాటాయి.

మా వాదన విన్న మాస్టారే తేల్చేశారు. ‘‘రాయండి బాబూ, తప్పకుండా రాయండి. డబ్బు పంపేది మా అబ్బాయి. ఫొటో, కాగితం లేకపోతే వాడు రూపాయి రాల్చడు.’’ అబ్బాయి ఎక్కడని అడిగితే డల్లాస్ అన్నారు. మావయ్య పెన్ను తీసి నా చేతికిచ్చాడు. ‘‘నువ్వే రాయి. కింద ఇంగ్లాండు మెకానిక్ అని కూడా పెట్టు.’’ ఆ మాట పెట్టలేదు, మందం మాత్రం దశాంశంతో సహా వేశాను.

డబ్బు అదే రాత్రి వచ్చింది. డిస్కులు విశాఖపట్నం నుంచి రావడానికే ఆలస్యమైంది. డిస్కు కూర్చునే హబ్ మీది తుప్పును ఇనుప బ్రష్షుతో గీకి, కొత్త డిస్కులకు పూసిన నూనె కడిగి, రెండు పక్కలా జతగా బిగించాం. కారు అప్పగిస్తూ, మొదటి మూడు నాలుగు వందల కిలోమీటర్లు గట్టిగా బ్రేకు వేయవద్దు, ప్యాడ్లూ డిస్కులూ సర్దుకోవాలి, ఘాటీకి అప్పుడే వద్దు, అన్నాను.

మాస్టారు తాళంచెవి పట్టుకుని నా వైపు అదోలా చూశారు. ‘‘ఇంత డబ్బు పోసి కొత్త బ్రేకులు వేయించుకుంటే బ్రేకు వేయవద్దంటావేమిటి నాయనా? ఇది కూడా ఆ కాగితంలో రాయి, మావాడికి పంపుతాను.’’