అగ్గిపెట్టె డోలువాడు

గోదావరి ఎక్స్‌ప్రెస్ దువ్వాడ దాటేసరికి తెల్లారుతోంది. ఇదివరకైతే సరిగ్గా ఇక్కడే అక్క ఫోన్ చేసేది, "లేచావా, ఇంకా ముసుగు తన్నే ఉన్నావా?" అంటూ. ఈ రైలు విశాఖ దాటి ఎక్కడికీ పోదే, నిద్రపోయినా కొంపలేం మునగవని ఎన్నిసార్లు చెప్పానో. అక్క పోయి రెండేళ్లయింది. అయినా దువ్వాడలో నాకు మెలకువ వచ్చేసింది.

బావగారు ఎంవీపీ కాలనీ ఫ్లాట్ ఖాళీ చేసి, బెంగళూరులో కొడుకు దగ్గరికి వెళ్లిపోతున్నారు. "మీ అక్క సామాన్లలో నీకేం కావాలో వచ్చి చూసుకోవయ్యా" అన్నారు. వీణ అప్పటికే మేనకోడలు పట్టుకెళ్లింది. మిగిలినవల్లా అక్క గీసిన బొమ్మల నోటుపుస్తకాలు, సంక్రాంతికి కొలువుపెట్టే బొమ్మల ట్రంకుపెట్టె.

నోటుపుస్తకాల నిండా సింహాచలమే. మేమంతా కప్పస్తంభాన్ని కౌగిలించుకోవడానికి లైన్లో నిలబడితే, అక్క మాత్రం మండపంలో ఓ మూల పెన్సిల్ పట్టుకుని కూర్చునేది. ఒకే స్తంభాన్ని నాలుగు పేజీల్లో నాలుగుసార్లు గీసింది. ప్రసాదం పులిహోర నూనె మరక ఒక పేజీలో ఇంకా ఉంది.

ట్రంకుపెట్టెలో పాత పంచె ముక్కల్లో చుట్టినవి ఏటికొప్పాక లక్కబొమ్మలు. పెళ్లిమేళం సెట్టు. ఇద్దరు సన్నాయివాళ్లు, ఒక శ్రుతివాడు, ఒక తాళంవాడు. డోలువాడి బదులు ఓ అగ్గిపెట్టె! దానికి ఎర్ర కాగితం అంటించి, స్కెచ్ పెన్నుతో రెండు కళ్లూ, కోర మీసమూ పెట్టి ఉన్నాయి.

ఆ డోలువాణ్ణి పోగొట్టింది నేనే. ఆడుకుంటానని మేడ మీదికి పట్టుకెళ్లాను, అంతే, మళ్లీ దొరకలేదు. ఏడో తరగతిలో అనుకుంటా. అక్క తిట్టలేదు. "వాడు నువ్వే కదరా, ఎక్కడికో తిరగడానికి పోయుంటావు" అంది. వాడు నేనవడానికి కారణం పిఠాపురం కాలనీలో కచేరీలు జరిగే కళాభారతి హాలు. కచేరీకి తీసుకెళ్తే రెండో కీర్తనకల్లా నేను అక్క భుజం మీద గురకపెట్టేవాణ్ణి. లేపేది కాదు. తని ఆవర్తనం, అదే, పాట ఆగి మృదంగం ఒక్కటే మోగే ఘట్టం, మొదలయ్యే ముందు మాత్రం తొడమీద గిల్లి, "లే, నీ మోత వచ్చింది" అనేది. మృదంగం ఆగగానే మళ్లీ నిద్ర. నాకొచ్చిన సంగీతం ఆ పది, పదిహేను నిమిషాలదే.

మర్నాడు పొద్దున్నే మిగతా నలుగుర్నీ సంచిలో వేసుకుని ఏటికొప్పాక బయల్దేరాను. మా చిన్నప్పుడు అది విశాఖ జిల్లా. 2022లో జిల్లాలు విడదీశాక అనకాపల్లి జిల్లాలోకి వెళ్లింది. ఎలమంచిలి దాటి, హైవే దిగి, చెరకు తోటల మధ్య నుంచి పోతే వరాహ నది ఒడ్డున ఊరు.

ఒక ఇంటి వసారాలో పెద్దాయన లేత్ ముందు కూర్చుని ఉన్నాడు. అంకుడు కర్ర ముక్క గిర్రున తిరుగుతోంది. ఉలి ఆనించగానే తెల్లటి పొట్టు రిబ్బన్లలా లేచి ఆయన ఒడిలో పడుతోంది. నడుము దిగింది, తల తేలింది. తర్వాత ఎర్ర లక్క కడ్డీ తీసి తిరిగే కర్రకి నొక్కాడు. నిప్పు లేదు, బ్రష్షు లేదు. ఆ రాపిడి వేడికే లక్క కరిగి కర్రని చుట్టేసింది. చివర్న ఎండు మొగలి ఆకు ముక్క అదిమి పట్టాడు. మసగ్గా ఉన్న ఎరుపు ఒక్కసారి అద్దంలా మెరిసింది. అక్క ఇక్కడ ఉంటే మధ్యాహ్నం భోజనం సంగతి మర్చిపోయేది. నేనూ మర్చిపోయాను.

నా బొమ్మలు చేతిలోకి తీసుకుని, "ఈ పసుపు సూసేరా, వెలిసిపోనాది. ఇది పాత పని" అన్నాడు. పసుపుకొమ్ము రంగు ఎండ తగిలితే నిలవదట. అలాంటిదే డోలువాడు కావాలన్నాను. "అచ్చం అలాగే రాదు బాబూ, అప్పటి చెయ్యి ఏరు" అంటూనే మొదలుపెట్టాడు. పని అయ్యేలోపు ఆయన మనవడు ఫోన్‌లో 2025 రిపబ్లిక్ డే కవాతులో ఏటికొప్పాక బొమ్మల శకటం చూపించాడు. నాలుగుసార్లు చూపించాడు.

చెప్పిన ధరకి మారు మాట్లాడకుండా ఇచ్చేశాను.

రాత్రి బావగారి డైనింగ్ టేబుల్ మీద మేళాన్ని వరసగా నిలబెట్టాం. కొత్త డోలువాడు మిగతావాళ్ల కన్నా అంగుళం పొడుగు. పచ్చటి తలపాగా, నిగనిగలాడే పొట్ట. బావగారు కళ్లజోడు సవరించుకుని చాలాసేపు చూశారు.

"ఎంత తీసుకున్నాడు?"

చెప్పాను.

"మీ అక్కైతే ఇందులో సగానికి తెచ్చేది" అన్నారు. కొత్తవాణ్ణి కాస్త వెనక్కి జరిపి, అగ్గిపెట్టెని తీసుకొచ్చి పాత చోటే పెట్టారు.