అమెరికా నుంచి పెట్టెలో వచ్చిన కంపైలర్

మన కాలేజీ సంచికకు ఏదైనా రాయమన్నారు. హాస్టల్ మెస్ సాంబారు గురించి ఎలాగూ పదిమంది రాస్తారు కాబట్టి నేను కంప్యూటర్ ల్యాబ్ గురించి, అందులోనూ టర్బో పాస్కల్ గురించి రాస్తాను. పాస్కల్ అనే ప్రోగ్రామింగ్ భాషలో మనం రాసినదాన్ని మెషీన్‌కు అర్థమయ్యే కోడుగా మార్చే కంపైలర్ అది.

ఎనభైల మధ్యలో తిరుపతిలో పీసీ అంటే పోయి చూసి రావలసిన వస్తువు. మన కాలేజీ ల్యాబ్‌కు ఏసీ ఉండేది, చెప్పులు బయట వదిలి లోపలికి పోవాలి. పీసీలకు హార్డ్‌డిస్క్ లేదు. రెండు ఫ్లాపీ డ్రైవులు, ఒక్కో ఫ్లాపీలో 360 కేబీ, అంతే. పాస్కల్ మాకు మొదట వేరే కంపైలర్ మీద నేర్పారు. ఒక ఫ్లాపీ పెట్టి మొదటి పాస్ (కంపైలర్ ప్రోగ్రామును ఒకసారి పూర్తిగా చదవడం), అది తీసి ఇంకోటి పెట్టి రెండో పాస్, ఆ తర్వాత ముక్కలన్నీ కలిపే లింకర్. ఇంతా అయ్యాక ఎక్కడో సెమీకోలన్ లేదని తేలితే ప్రోగ్రాం రాసే ఎడిటర్ ఫ్లాపీతో మళ్లీ మొదటికి. ఒక తప్పు దిద్దుకునేసరికి ల్యాబ్ పీరియడ్ అయిపోయేది. అందుకే ప్రోగ్రామును ముందు కాగితం మీద రాసి, వరస వరసా చేత్తో నడిపి చూసుకుని గానీ కీబోర్డు దగ్గరికి పోయేవాళ్లం కాదు.

అమెరికాలో స్థిరపడిన మన పూర్వ విద్యార్థి ఒకాయన, కొడుకు పుట్టువెంట్రుకలు తీయించడానికి తిరుమల వచ్చినప్పుడు, ల్యాబ్ సార్‌కు టర్బో పాస్కల్ మూడో వెర్షన్ పెట్టె ఇచ్చిపోయారు. ఒక ఫ్లాపీ, ఒక మాన్యువల్. 1983 నవంబరులో బోర్లాండ్ కంపెనీ మొదటి వెర్షన్‌ను 49.95 డాలర్లకు అమ్మకానికి పెట్టినప్పుడు, మిగతా కంపైలర్లు వందల డాలర్లు పలికేవి. ఇంత చవగ్గా వచ్చేది ఆటబొమ్మే అయ్యుంటుందని మాలో కొందరు ముందే తేల్చేశారు.

మొదలుపెట్టగానే అది అడిగే ప్రశ్న, తప్పుల వివరాలు కూడా లోడ్ చేయాలా వద్దా అని. వద్దంటే కొంచెం మెమరీ మిగులుతుంది, కానీ తప్పు దొరికినప్పుడు నంబరు మాత్రమే చూపిస్తుంది. ఎడిటరూ కంపైలరూ కలిపి ఫైలు 40 కేబీ కూడా లేదు. ఎడిట్‌కు 'ఈ' అక్షరం, రన్‌కు 'ఆర్' అక్షరం. ఆర్ నొక్కితే మా ల్యాబ్ ప్రోగ్రాములు కన్ను మూసి తెరిచేలోపు కంపైల్ అయ్యేవి.

ఎందుకంత వేగమో మాన్యువల్‌లో లేదు, సార్ బోర్డు మీద చెప్పారు. స్విట్జర్లాండ్ కంప్యూటర్ శాస్త్రవేత్త నిక్లాస్ విర్త్ 1970లో పాస్కల్‌ను తీర్చిదిద్దినప్పుడే, ఏ పేరునైనా ముందు ప్రకటించాకే వాడాలనే నియమం పెట్టారు. కాబట్టి పైనుంచి కిందికి ఒక్కసారి చదివితే కంపైలర్‌కు చాలు. డెన్మార్క్ కుర్రాడు ఆండర్స్ హైల్స్‌బర్గ్ ఈ వీలును పూర్తిగా వాడుకున్నాడు. టర్బో పాస్కల్ కంపైలర్‌ను మెషీన్‌కు దగ్గరగా ఉండే అసెంబ్లీ భాషలో రాశాడు. మనం రాసిన సోర్సు మెమరీలోనే, తయారయ్యే మెషీన్ కోడు కూడా మెమరీలోనే. మధ్యలో ఫైళ్లు లేవు, విడిగా లింకర్ లేదు. మొదటి తప్పు దగ్గరే ఆగిపోయి, కర్సర్‌ను తీసుకెళ్లి సరిగ్గా అక్కడ నిలబెట్టేది. తప్పులన్నీ ఒకేసారి జాబితాగా ఇవ్వదేమని అప్పట్లో విసుక్కున్నవాళ్లున్నారు. తిరిగి కంపైల్ చేయడానికి క్షణం పట్టదు కదా, జాబితా ఎందుకు!

లోపాలు లేవని కాదు. కోడ్ 64 కేబీ దాటకూడదు. ఆ ఇబ్బంది 1987లో నాలుగో వెర్షన్ వచ్చాక గానీ తీరలేదు. పాఠ్యపుస్తకంలో ఫైళ్లు చదవడానికి, రాయడానికి గెట్, పుట్ అనే ఆదేశాలు వాడి రాసిన ప్రోగ్రాములు ఇందులో నడవవు. పరీక్షలో మాత్రం అవే అడిగేవారు, అదొక టెన్షన్. పైగా సేవ్ చేయకుండా రన్ చేస్తే, ప్రోగ్రాం బిగుసుకుపోయినా కరెంటు పోయినా రాసిందంతా గంగలో కలిసినట్టే. వేసవిలో కరెంటు సంగతి మీకు చెప్పనక్కర్లేదు.

అసలు తమాషా లైసెన్సుతో వచ్చింది. ఈ సాఫ్ట్‌వేర్‌ను పుస్తకంలా వాడుకోండి, ఎంతమందైనా వాడవచ్చు గానీ ఒకే సమయంలో రెండు చోట్ల వాడే వీలుండకూడదు అని బోర్లాండ్ రాసింది. కాపీ చేయకుండా అడ్డుకునే తాళమేదీ పెట్టలేదు. మేం ఖాళీ ఫ్లాపీలతో సిద్ధం. సార్ ఒప్పుకోలేదు. "ఒకే పుస్తకాన్ని ఇద్దరు రెండు ఊళ్లలో కూర్చుని చదవగలరా నాయనా?" అన్నారు. దాంతో టర్బో పాస్కల్ ఉన్న మెషీన్ ఒక్కటే అయింది. దాని ముందు ధర్మదర్శనం లైను. పక్కన మెషీన్లు ఖాళీగా ఉన్నా ఎవరూ వాటి వైపు చూసేవారు కాదు.

దీనివల్ల మేం కాగితం మీద ఆలోచించడం మానేస్తున్నామని సార్ బాధపడేవారు. అందులో సగం నిజమే. ఇటు మార్చి ఒకసారి, అటు మార్చి ఒకసారి నడిపి చూసే అలవాటు మాకు ఆ ల్యాబ్‌లోనే పట్టుకుంది. కానీ మెమరీలో ఒక చోటును చూపించే పాయింటర్లు నాకు అర్థమైంది కాగితం మీద కాదు. తప్పు రాస్తే ఏమవుతుందో వెంటనే చూడగలిగాను కాబట్టి అర్థమయ్యాయి. తప్పు చేయడం అంత చవక కావడం మంచిదేనని ఇప్పటికీ నా అభిప్రాయం.

హైల్స్‌బర్గ్ తర్వాత డెల్ఫీ, సీ షార్ప్, టైప్‌స్క్రిప్ట్ అనే ప్రోగ్రామింగ్ సాధనాలు, భాషల దాకా వెళ్లాడు. మన దగ్గర మాత్రం చాలా ల్యాబులు 1990ల నాటి టర్బో సీ ప్లస్ ప్లస్ నీలం తెర దగ్గర ఏళ్ల తరబడి ఆగిపోయాయి. సీ ప్లస్ ప్లస్ భాషకు 1998లో ప్రమాణం వచ్చినా పిల్లల చేత పాత పద్ధతిలోనే రాయించారు. ఇది టర్బో మీద అభిమానం అనుకోను, సిలబస్ మార్చే ఓపిక లేకపోవడం.

మూడో వెర్షన్‌ను బోర్లాండ్ తర్వాత ఉచితంగానే ఇచ్చేసింది. పాత డాస్ ప్రోగ్రాములను ఇప్పటి కంప్యూటర్ల మీద నడిపే డాస్‌బాక్స్‌లో ఇప్పటికీ నడుస్తుంది. మా బ్యాచ్ వాళ్లెవరైనా ప్రయత్నిస్తే, తప్పుల వివరాలు కావాలా అని అడిగినప్పుడు అవునని చెప్పండి. ఇప్పుడు మెమరీకి కరువు లేదు.