మాట కంటే ముందే మూసుకున్న పెదవులు: నా మొదటి షార్ట్ ఫిల్మ్ అనుభవం

నిన్న రాత్రి పదకొండింటికి మా షార్ట్ ఫిల్మ్ ఫైనల్ ఫైల్ ఎక్స్‌పోర్ట్ అయింది. సినిమా మొత్తం 11 నిమిషాలు. అందులో ఒక్క 4 నిమిషాల షాట్ మూడు వారాలు నాకు నిద్ర లేకుండా చేసింది. దాని వల్ల ఒక మంచి దోస్తును నలుగురిలో బాధపెట్టాను కూడా. ఇంకో స్టూడెంట్‌కు ఇలా జరగొద్దని, అన్నీ గుర్తున్నప్పుడే రాస్తున్నా.

నేను హనుమకొండలో డిగ్రీ మూడో సంవత్సరం చదువుతున్నా. మా అవ్వ ఇల్లు వరంగల్ కొత్తవాడలో. కొత్తవాడ అంటే దర్రీలు (నేల మీద పరిచే జంపఖానాలు) నేసే వాడ. వరంగల్ దర్రీలకు 2018లో జీఐ (భౌగోళిక) గుర్తింపు వచ్చింది. మా అవ్వ ఇంట్లో మగ్గం మాత్రం తాత పోయిన రోజు నుంచి ఆగిపోయే ఉంది. ఆ మగ్గం మీదే మా సినిమా.

స్క్రిప్టు రెండు రోజుల్లో అయిపోయింది. ఒక పేజీకి ఒక నిమిషం లెక్కన 12 పేజీలు. నటులు క్లాసులోనే దొరికారు. కెమెరా నా ఫోనే. రిఫ్లెక్టర్ కోసం తెల్ల థర్మాకోల్ షీటు కొన్నాం. ఇద్దరు ఎదురెదురుగా మాట్లాడుకునే సీన్‌లో కెమెరాను ఆ ఇద్దరికీ ఒకే పక్కన ఉంచాలనే సంగతి ముందే చదువుకున్నాం కాబట్టి అక్కడా ఇబ్బంది రాలేదు.

అసలు కష్టం అవ్వ మాట్లాడే షాట్‌తో మొదలైంది. ఆగిపోయిన మగ్గం పక్కన కూర్చుని తాత నేసిన ఆఖరి దర్రీ గురించి చెప్పాలి. ట్యూబ్‌లైట్ వేస్తే ఫోన్‌లో అడ్డంగా చారలు కదిలాయి. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి షటర్ (ఒక్కో ఫ్రేముకు వెలుతురు పడే సమయం) సెకనులో 1/50 వంతుకు పెడితే ఆ చారలు పోతాయని నాకప్పుడు తెలియదు. లైటు ఆపేసి, కిటికీ వెలుతురులోనే, ఫోన్ ఆటో మోడ్‌లో తీశా. ఫ్యాన్ ఆపేశాం. అవ్వ చీర కొంగుకు చిన్న మైకు పెట్టి, దాన్ని సీనియర్ ఇచ్చిన రికార్డర్‌కు తగిలించాం. సౌండ్ చూసుకున్నది నా దోస్తు. షాట్ మొదట్లో చప్పట్లు కొట్టి మొదలుపెట్టాం.

అవ్వ నాలుగు నిమిషాలు ఆగకుండా చెప్పింది. మధ్యలో ఏడ్చింది. ఇంకో టేక్ అడిగితే, "ఒక్కసారి చెప్పుకున్న దుఃఖం మళ్ల మళ్ల చెప్తరా బిడ్డా?" అంది. నేను మళ్లీ అడగలేదు.

కాలేజీ ల్యాబ్‌లో పాత ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఉంది. చప్పట్ల దగ్గర బొమ్మనూ ధ్వనినీ కలిపి, మొదటి నిమిషం చూశా. బాగానే ఉంది. చివరిదాకా చూడకుండానే డిపార్ట్‌మెంట్‌లో అందరి ముందూ వేశాను. రెండో నిమిషం దాటాక అవ్వ పెదవులు ముందు కదులుతున్నాయి, మాట వెనక వస్తోంది. ఏడుపు దగ్గరికి వచ్చేసరికి నోరు మూసుకున్నాక మాట వినిపించింది. వెనక బెంచీల్లో నవ్వులు. ఒక లెక్చరర్ "ఇది డబ్బింగ్ సినిమానా?" అన్నారు. మళ్లీ నవ్వులు. తెర మీద మా అవ్వ ఏడుస్తోంది, హాలు నవ్వుతోంది. ఆ నిమిషం నేను మర్చిపోలేను. స్టూడెంట్ పని బాగోలేకపోతే బాగోలేదని చెప్పండి. తప్పు ఎక్కడుందో చూపించాల్సినవాళ్లే నవ్వించడం ఏం పద్ధతి?

ఆ కోపమంతా దోస్తు మీద చూపించాను. "రికార్డర్ సరిగ్గా సెట్ చేయడం కూడా రాదా నీకు?" అని కారిడార్‌లో అందరి ముందూ అరిచా. వాడు ఏం మాట్లాడకుండా వెళ్లిపోయాడు.

తర్వాత ఊళ్లో ఒక ఎడిటింగ్ షాపుకు వెళ్లా. ఆ అన్న ఫైల్ రెండు నిమిషాలు చూసి, రికార్డర్‌ను వీడియోలకు వాడే 48 కిలోహెర్ట్జ్‌లో కాకుండా 44.1లో పెట్టి ఉంటారని, మైకు కూడా నాసిరకమని చెప్పి 3,500 తీసుకున్నాడు. ఆడియోను ముక్కలు చేసి జరిపాడు. ఒకచోట కలిస్తే ఇంకోచోట తప్పింది, అవ్వ మాటల మధ్య ఊపిరి కూడా తెగిపోయింది. అదేంటని అడిగితే "మళ్లీ షూట్ చేసుకోండి" అన్నాడు. ఆ డబ్బు మేం నలుగురం మెస్ ఖర్చుల్లోంచి వేసుకున్నది. కారణం చెప్పలేని షాపుకు ఒక్క రూపాయి ఇవ్వకండి.

ఇంటికొచ్చి ఆడియో ఫైల్ వివరాలు చూస్తే 48 కిలోహెర్ట్జ్ అని ఉంది. దోస్తు సరిగ్గానే పెట్టాడు. అప్పుడు ఫోన్ గ్యాలరీలో అదే వీడియోను ఫోన్ సొంత మైకు ధ్వనితో చూశా. చివరిదాకా పెదవులూ మాటా కలిసే ఉన్నాయి. అదే ఫైల్‌ను సాఫ్ట్‌వేర్‌లో వేస్తే ఫోన్ సొంత ధ్వని కూడా తప్పింది! అంటే రికార్డర్‌కూ మైకుకూ దీంతో సంబంధం లేదు. తప్పు బొమ్మలో ఉంది.

మీడియాఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రాంలో ఆ వీడియో తెరిస్తే ఫ్రేమ్ రేట్ (సెకనుకు ఎన్ని ఫ్రేములు, అంటే ఎన్ని బొమ్మలు) మోడ్ దగ్గర 'వేరియబుల్', అంటే మారుతూ ఉంటుందని ఉంది. ఆటో మోడ్‌లో వెలుతురు తగ్గినప్పుడల్లా ఫోన్ సెకనుకు 30 ఫ్రేములు తీయలేక కొన్ని వదిలేసింది. నాలుగు నిమిషాలకు 7,200 ఫ్రేములు ఉండాలి. సాఫ్ట్‌వేర్ మాత్రం ఉన్న ఫ్రేములనే సెకనుకు 30 చొప్పున వరుసగా పేర్చింది. 15 ఫ్రేములు తగ్గితే చాలు, చివరికి బొమ్మ అర సెకను ముందుకు పరిగెడుతుంది. నేను లైటు ఆపి ఆటోలో తీయడం వల్ల వచ్చిన తిప్పలు ఇవి.

హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఆ వీడియో వేసి, 30 ఎంచుకుని, కాన్‌స్టంట్ (మారని) ఫ్రేమ్ రేట్ పెట్టి మార్చా. కొత్త ఫైల్‌ను చప్పట్ల దగ్గర కలిపా. నాలుగో నిమిషం చివర అవ్వ కొంగుతో ముక్కు తుడుచుకుంటుంది. ఆ చప్పుడు సరిగ్గా ఆ కదలిక మీదే పడింది. నాకు ఏడుపొచ్చింది. మూడు వారాలు ఏ పెద్దమనిషీ చెప్పలేనిది నేనే పట్టుకున్నానని గర్వంగానూ ఉంది.

ఫోన్‌తో తీసేవాళ్లు ఆటోను నమ్మకండి. షటర్, ఐఎస్‌ఓ (వెలుతురుకు కెమెరా ఎంత స్పందించాలనేది), వైట్ బ్యాలెన్స్ (రంగుల సర్దుబాటు) మూడూ మీరే పెట్టి లాక్ చేయండి. బ్లాక్‌మ్యాజిక్ కెమెరా యాప్ ఉచితం, ఇప్పుడు ఆండ్రాయిడ్‌లోనూ ఉంది. చప్పట్లు షాట్ చివర కూడా కొట్టండి, తేడా ఉంటే అక్కడే దొరికిపోతుంది. ఎవరూ మాట్లాడకుండా ఆ గది నిశ్శబ్దాన్ని ఒక అర నిమిషం రికార్డ్ చేసుకోండి, మాటల మధ్య అతుకులకు అదే దిక్కు. ఎవరికైనా చూపించే ముందు మొదటి నిమిషం కాదు, చివరి నిమిషం చూసుకోండి.

పొద్దున దోస్తు రూమ్‌కు వెళ్లా. తప్పు నాదేనని, అరిచినందుకు క్షమించమని చెప్పా. వాడు ముందు హెడ్‌ఫోన్స్ అడిగాడు. నాలుగు నిమిషాలూ కళ్లు మూసుకుని విన్నాడు, తర్వాత కళ్లు తెరిచి ఇంకోసారి చూశాడు. "వెనకాల పక్కింటి మగ్గం చప్పుడు కొంచెం వినిపిస్తోంది, అది తీసేయకు" అన్నాడు.

ఆదివారం కొత్తవాడలో అవ్వ ఇంటి గోడ మీద వేస్తున్నాం. స్పీకర్ వాడే తెస్తానన్నాడు.