కోవూరు అక్కకి వెళ్ళిన మెసేజ్

పదకొండున్నర దాటింది. ఆయన లైటు ఆర్పమని రెండుసార్లు అన్నారు. నాకు నిద్ర పట్టేలా లేదు.

పొద్దున కోవూరు అక్క పెన్న దాటి మా మగ్గం వర్క్ క్లాసుకి వస్తే, తాళం వేసి ఉంది. గంటసేపు మెట్ల మీద కూర్చుని వెళ్ళిపోయిందట. శనివారం బ్యాచ్ ఆదివారానికి మారిందని బుకింగ్ సాఫ్ట్‌వేర్ నుంచి మెసేజ్ వెళ్ళింది, ఇంగ్లీషులో. వదిన ఫోన్ చేస్తే, "ఏదో ఆఫర్ అనుకున్నానమ్మా" అందట. ఒక మాట తిట్టినా బాగుండేది.

పోయిన నెల తెలుగులోకి మార్చింది నేనే. తీరా చూస్తే అది బుకింగ్ పేజీ వరకే. మెసేజ్‌ల భాష ఇంకోచోట పెట్టాలి. మనం టైప్ చేసిన క్లాసు పేర్లు దేనితోనూ మారవు, చేత్తో మళ్ళీ రాసుకోవాల్సిందే. పైగా ఫోన్ ఏ భాషలో ఉంటే పేజీ ఆ భాషలో తెరుచుకునే ఆప్షన్ ఒకటి ఆన్‌లో ఉంది. మనవాళ్ళ ఫోన్లు కొన్న రోజు నుంచీ ఇంగ్లీషులోనే ఉంటాయి. అంటే నేను పెట్టిన తెలుగు ఎవరికీ కనిపించనే లేదు! అది ఆపి చూస్తే 'బుక్' అని ఉండాల్సిన బటన్ మీద 'పుస్తకం' అని ఉంది. ఒళ్ళు మండిపోయింది. తెలుగు తెలిసినవాళ్ళకి ఒక్కసారి చూపించి ఉంటే సరిపోయేది కదా. ఎస్సెమ్మెస్‌తో ఇంకో తంటా. ఇంగ్లీషులో ఒక మెసేజ్‌కి 160 అక్షరాలు పడతాయి, తెలుగులో 70 దాటితే రెండో మెసేజ్ కింద లెక్క. వ్యాపారాలు పంపే ఎస్సెమ్మెస్‌ల నమోదుకి ఉన్న డీఎల్‌టీలో టెంప్లేటు, అంటే మెసేజ్ నమూనా, కూడా విడిగా నమోదు చేయించాలి.

విసుగొచ్చి అంతా ఇంగ్లీషులోకి తిప్పేశాను. చదివిపెట్టడానికి ఇంట్లో పిల్లలు ఉంటారులే అనుకున్నా.

అమ్మ గుర్తొచ్చింది. 1991, మా నెల్లూరు జిల్లాలో పెద్దవాళ్ళకి చదువు నేర్పిన అక్షరదీపం రోజులు. రామాలయం అరుగు మీద లాంతరు పెట్టి రాత్రిబడి నడిపేవాళ్ళు. అమ్మ పొలం నుంచి వచ్చి, వంట చేసి, నా పలకే తీసుకుని వెళ్ళేది. నాట్లలో అంత చురుగ్గా ఆడే వేళ్ళు 'అ' దగ్గర మొరాయించేవి. మరుసటేడు దూబగుంట ఆడవాళ్ళు సారా మీద తిరగబడిన వార్త పేపర్లో వస్తే, దీపం దగ్గర కూడబలుక్కుని చదివింది. మధ్యలో నేను అందివ్వబోతే చెయ్యి అడ్డం పెట్టి, "నువ్వు చెప్పబాక, నేను చదవతా" అంది. ఆ నాలుగు వాక్యాలకి ఎంతసేపు పట్టిందో! నాన్న కూడా అన్నం ముందు పెట్టుకుని అలాగే కూర్చుండిపోయాడు.

కోవూరు అక్క కూడా పెళ్ళికి ముందు ఆ బడిలోనే నేర్చుకుంది. 'చెయ్యి పొడవు', 'మెడ లోతు' అని గుండ్రంగా రాసుకుంటుంది. ఆమెకి పిల్లలు చదివిపెట్టాలా?

మళ్ళీ తెరిచాను. ముందు 'నమోదు చేసుకోండి' అని రాశా. గ్యాస్ బుక్ చేస్తాం, టికెట్ బుక్ చేస్తాం, క్లాసు మాత్రం నమోదు ఎందుకు? 'బుక్ చేయండి' అని మార్చా. 'రద్దు' తీసి 'క్యాన్సిల్' పెట్టి, మళ్ళీ 'రద్దు'కే వచ్చా. రైలు రద్దయిందని అందరూ అంటారు కదా.

మెసేజ్ ఇలా రాశాను: "క్లాసు ఆదివారం ఉదయం 10కి మారింది. శనివారం లేదు." గుణింతాలు, ఒత్తులు కలిపి 47 అక్షరాలే.

టెంప్లేటు ఓకే అయ్యేదాకా ఏ మార్పు ఉన్నా బ్యాచ్‌లో అందరికీ నేనే ఫోన్ చేసి చెప్తాను. రేపు పదికి అక్క వస్తానంది. తొమ్మిదిన్నరకే వెళ్ళి తాళం తీస్తా.