గంగమ్మ పోస్టర్, అయిదో ప్రింటు: అంతా ఆ మ ఒత్తు దగ్గరే ఉంది

నిన్న సాయంత్రం అయిదో ప్రింటును ఎదురు గోడకు అంటించి, మా మేడ మీద నుంచి చూశాను. టేపు పెట్టి కొలిచిన దూరం, సరిగ్గా 60 అడుగులు. ఈసారి కనిపించింది! నెల రోజులుగా నల్లటి ముద్దలా ఉన్న మ ఒత్తు లోపల తెల్లటి సందు కనిపించింది. పని పూర్తయిందని చెప్పను. కానీ ఎందుకు చెడుతోందో మాత్రం తెలిసింది, రాత్రి ఆ సంతోషంలోనే నిద్ర పట్టలేదు.

తిరుపతిలో జరిగే తాతయ్యగుంట గంగమ్మ జాతరకు నేనే ఒక పోస్టర్ వేయాలన్నది ఈ ఏడాది పట్టుదల. 15×20 అంగుళాల కాగితం, ఇంట్లో స్క్రీన్ ప్రింటింగ్, రెండే ఇంకులు. రంగుల కోసం నేనేమీ వెతుక్కోలేదు, జాతరే ఇచ్చింది. భక్తులు వేసే వేషాల్లో బైరాగి వేషానికి ఒంటినిండా తెల్లటి నామం, బండ వేషానికి కుంకుమ, తోటి వేషానికి బొగ్గు. తెలుపు కాగితంలోనే ఉంది కాబట్టి ఎరుపు, నలుపు చాలు. పైన ఎర్రటి నేల మీద సగం తెల్లగా, సగం నల్లగా ఒకే ముఖం. కింద తెల్ల పట్టీలో నల్లగా ‘గంగమ్మ’. ఇంకేమీ లేదు.

ముఖం మూడో ప్రింటుకే కుదిరింది. ఎరుపు పక్కన నలుపు తెల్ల గీత లేకుండా అతికింది.

గొడవంతా అక్షరంతోనే. మొదటి ప్రింటు అంటించిన రోజు వీధి చివర టీ అంగడి అన్న అక్కడి నుంచే చూసి, “ఏంది నాయనా, గంగమ అని రాసినావు?” అన్నాడు. దగ్గరికి పిలిచి చూపిస్తే, “ఒత్తుందే! అక్కడికి మరకలాగా కనిపించింది” అన్నాడు. అప్పటి నుంచి ఒత్తు వెంట పడ్డాను.

అక్షరాన్ని స్క్రీన్ మీదికి దించే ఫిల్మ్ మీద మ ఒత్తు లోపలి సందు 3 మిల్లీమీటర్లు. కాగితం మీద కొలిస్తే 2.1 మాత్రమే ఉంది. రెండు వైపుల నుంచీ ఇంకు పాకి 0.9 తినేసింది. అయితే తప్పు ఇంకుదే అనుకున్నాను. 80 మెష్ జాలి తీసేసి, ఇంకా సన్న రంధ్రాలున్న 120 బిగించాను. ఇంకును నెట్టే రబ్బరు పట్టీని, అంటే స్క్వీజీని, రెండుసార్లు లాగే అలవాటు మానేసి ఒక్కసారే, దాదాపు నిటారుగా పట్టి లాగాను. స్క్రీన్‌కీ కాగితానికీ మధ్య ఎత్తు 1 నుంచి 3 మిల్లీమీటర్లకు పెంచాను. ఇంకులో నీళ్ళు తగ్గించాను. ఈ ఎండకు చిక్కటి ఇంకు జాలిలోనే ఆరిపోతుంది కాబట్టి తెల్లవారుజామున అయిదింటికే లేచి ప్రింటు తీయాల్సి వచ్చింది. ఇంత చేస్తే సందు 2.7కి వచ్చింది. అంచులు కత్తితో కోసినట్టున్నాయి.

గోడకు అంటించి మేడ ఎక్కి చూస్తే మళ్ళీ అదే మరక. నాకు నిజంగా ఏడుపొచ్చింది.

ఆ కోపంలోనే మెట్లు దిగి, పోస్టర్ వైపు ఒక్కో అడుగూ వేస్తూ ఒత్తు ఎక్కడ తెరుచుకుంటుందో చూశాను. 28 అడుగుల దగ్గర తెరుచుకుంది. పాత ప్రింటు పక్కన పెట్టి చూస్తే అది 22 దగ్గర. ఈ రెండు అంకెలే దారి చూపించాయి. మంచి చూపున్న కంటికి రెండు గీతలు విడివిడిగా కనబడాలంటే వాటి మధ్య సందు కనీసం ఒక ఆర్క్ మినిట్ ఉండాలి, అంటే డిగ్రీలో 60వ వంతు. 60 అడుగుల దూరంలో అది 5.3 మిల్లీమీటర్లు. 2.1 సందుకు లెక్క కడితే 24 అడుగులు, 2.7కు 30. నా కాళ్ళు చెప్పిన అంకెలకూ దీనికీ రెండడుగులే తేడా. అంటే ఇంకును ఎంత అదుపు చేసినా, ఫిల్మ్ మీద ఉన్న 3 మిల్లీమీటర్లు మొత్తం నిలబెట్టినా, 34 అడుగులు దాటేది కాదు. తప్పు నా ప్రింటింగ్‌లో కాదు, గీసిన అక్షరంలోనే ఉంది.

అదే పోస్టర్‌లో ‘గంగ’ 120 అడుగుల నుంచి కూడా హాయిగా చదవొచ్చు. మనం తలకట్టు నుంచి కింది వరకు అక్షరం ఎత్తు చూసి ఎంత దూరం కనిపిస్తుందో అంచనా వేస్తాం. తెలుగు పోస్టర్‌కు ఆ లెక్క పనికిరాదని నాకిప్పుడు గట్టి నమ్మకం. అన్నిటికంటే ఇరుకైన ఒత్తు ఎంత దూరం నుంచి కనిపిస్తే పోస్టర్ అంత దూరమే. ఫాంట్లలో పెద్ద సైజుకు నాకు రామరాజ ఇష్టం, లావుకు బాలూ తమ్ముడు ఇష్టం. కానీ ఇలా మూడు నాలుగు అక్షరాలే ఉన్నప్పుడు ఏ ఫాంటూ వద్దు, చేత్తో రాసుకోవడమే మేలు. చేత్తో రాసినదాన్ని బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్ ఇంక్‌స్కేప్‌లో సరిచేసుకుంటున్నాను. డీటీపీ చేసే స్నేహితులు కోరల్‌డ్రా నేర్చుకోమంటారు, గీతల పనికి నాకిది చాలు.

అయిదో ప్రింటుకు ఒత్తును చేత్తో రాశాను. సందు 6 మిల్లీమీటర్లు పెట్టాను, ప్రింటులో 5.7 వచ్చింది. చోటు కోసం ఒత్తును కాస్త కుడికి జరిపి కిందికి దించాను. మేడ మీద నుంచి అయిదుగురికి చూపిస్తే ముగ్గురు ‘గంగమ్మ’ అని చదివారు. మా అమ్మ అక్షరం బాగుందంటూనే, “కింద ఆ పాము ఎందుకురా?” అంది. పక్కింటి పాప కూడా పామే అంది. ఒత్తు తెరుచుకుంది కానీ మ నుంచి తెగిపోయింది. కొలిస్తే మ అంచుకూ ఒత్తుకూ మధ్య 9 మిల్లీమీటర్ల ఖాళీ ఉంది. అక్షరం గీత మందం 14, ఒత్తుది 7. సగం మందం ఉన్న గీత దూరంగా ఉంటే వేరే బొమ్మ అనుకోవడం సహజమే. ఆరో ప్రింటులో ఖాళీని 6కు దించి, ఒత్తు గీతను 10 చేస్తాను. లావు బయటి వైపుకే పెంచాలి, లోపలి సందును ముట్టుకోను.

ఇంత చాదస్తం ఎందుకంటే, మూడో ప్రింటు చూసిన మా వీధి పిల్లలను నాలుగు రోజుల తర్వాత గుర్తున్నది గీయమన్నాను. ఆరుగురూ సగం తెలుపు సగం నలుపు ముఖమే గీశారు! చుట్టూ ఉన్నవాటికి భిన్నమైనదే బాగా గుర్తుంటుందని 1933లోనే హెడ్విగ్ ఫాన్ రెస్టార్ఫ్ ప్రయోగాలు చేసి చూపించింది. ఇరవై ముఖాలు కిక్కిరిసిన ఫ్లెక్సీల పక్కన ఒక్క ముఖం నిలబడటానికి కారణం అదే. కానీ ఆ ఆరుగురిలో పేరు రాసింది ఒక్కరే, అదీ ‘గంగమ’ అని. ముఖం గుర్తుండి పేరు తప్పుగా గుర్తుంటే నా మనసు ఒప్పుకోదు.

ఈ ఆదివారం శ్రీకాళహస్తి వెళ్తున్నాను. కలంకారీ వాళ్ళు బెల్లం, తుప్పు ఇనుము ఊరబెట్టిన కసిమితో నల్ల గీత గీసేటప్పుడు లావు నుంచి సన్నానికి ఎక్కడ మారుస్తారో దగ్గర కూర్చుని చూడాలి. ఒత్తు తోకకు అదే కావాలి. ఇంకో అనుమానం కూడా ఉంది, చీకటి పడుతుంటే ఎరుపు బాగా నల్లబడి, ముఖంలో నల్ల సగం నేలలో కలిసిపోతోంది. చుట్టూ 5 మిల్లీమీటర్ల తెల్ల అంచు వదిలి చూస్తాను. కొత్త స్క్రీన్‌కు వెలుతురు తగిలితే గట్టిపడే ఎమల్షన్ పూసి చీకటి గదిలో ఆరబెట్టాను, రేపు పొద్దున ఎక్స్‌పోజ్ చేయాలి.